బుధవారం ఉదయం కిలో ఎనిమిది వందలు: బరువుపై అపోహలు, వాస్తవాలు

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దానికి ముందురోజు తొలేళ్ళు. ఆ రెండు రోజులూ ఊళ్ళో చుట్టాలు లేని ఇల్లు ఉండదు, పొయ్యి ఆరిన ఇల్లు అసలే ఉండదు. బుధవారం ఏడు కొట్టకముందే నా ఫోను మోగడం మొదలవుతుంది. నేను ఇక్కడ డైటీషియన్‌ని. పండగ మర్నాడు నాకు పనిదినమే.

గత ఏడాది మొదటి ఫోను కోట దగ్గర ఉండే ఒకావిడది. "మేడమ్, సోమవారం పొద్దున 71.2 ఉన్నాను. ఇప్పుడు 73. మూడు నెలలు నోరు కట్టుకున్నదంతా బూడిదలో పోసిన పన్నీరైంది. ఇంక నావల్ల కాదు" అన్నారు. గొంతులో ఏడుపు వినిపిస్తోంది. ఏమేం తిన్నారమ్మా అని అడిగితే పులిహోర, గారెలు, కోడికూర, ఆవకాయ, వచ్చినవాళ్ళు తెచ్చిన మిఠాయి అని ఒక్కటీ దాచకుండా చెప్పారు. ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఒక చీటీ మీద లెక్క వేశాను.

అపోహ: పండక్కి తిన్నదంతా కొవ్వైపోయింది

ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే, మన శరీరం ఖర్చు చేసుకునే దానికి పైన సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి. కిలో ఎనిమిది వందల గ్రాములకు దాదాపు 13,900. వంద గ్రాముల అన్నంలో 130 కేలరీలు ఉంటాయి. అంటే ఆవిడ తన మామూలు భోజనం కాక మరో పది కిలోల పైచిలుకు అన్నం రెండు రోజుల్లో తిని ఉండాలి. "అంత తిన్నారా?" అని అడిగాను. కాసేపు మాట లేదు, తర్వాత నవ్వు.

మరి మిషన్ అబద్ధం చెప్పిందా? లేదు. కిలో ఎనిమిది వందలు నిజంగానే పెరిగారు. అయితే మిషన్‌కు కొవ్వు, నీరు, పేగుల్లో ఇంకా అరగని గారె, మూత్రాశయంలో ఉన్నది, ఒంటిమీది చీర అన్నీ ఒకటే. అన్నిటినీ కలిపి ఒక్క అంకె చూపిస్తుంది. తిన్నది పూర్తిగా బయటకు పోవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అర లీటరు చోడి అంబలి తాగి మిషన్ ఎక్కండి, అర కిలో పెరుగుతారు. అంబలి లావు చేస్తుందని దానికి అర్థం కాదు.

అపోహ: నేను నీళ్ళు తాగినా లావెక్కుతాను

ఈ మాట అన్నవాళ్ళను చూసి ఇంట్లో అందరూ నవ్వుతారు. నేను నవ్వను, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. నీళ్ళు తాగితే లావెక్కరు, బరువు మాత్రం పెరుగుతారు. ఈ తేడా నాకు పుస్తకాల్లో కన్నా ముందు నా మొదటి ఉద్యోగంలో తెలిసింది.

అది శ్రీకాకుళం జిల్లాలో ఒక డయాలసిస్ కేంద్రం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి, అంటే ఉద్దానం నుంచి రోగులు వచ్చేవారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. వారానికి రెండుమూడు సార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు. మంచం ఎక్కే ముందు బరువు, దిగాక బరువు. 58.6తో వచ్చిన రైతు మధ్యాహ్నానికి 56.4తో ఇంటికి వెళ్ళేవాడు. ఆయనకు నాలుగు గంటల్లో రెండు కిలోల కొవ్వు కరిగిందని ఎవరూ అనుకోరు. "నీరు తీయించుకుని వచ్చాను" అంటాడు ఆయనే. లీటరు నీరు, కిలో బరువు. కిడ్నీలు బాగున్న మనకు ఆ తీసే పని రాత్రీ పగలూ చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది కాబట్టి, మన బరువులోనూ నీరు వస్తూ పోతూ ఉంటుందన్న సంగతి మరిచిపోతాం.

నీటిని ఒంట్లో ఆపేది ముఖ్యంగా ఉప్పు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసా మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది, చూసే ఉంటారు. అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు. మన రక్తం, దాని చుట్టూ ఉండే నీరు సుమారుగా ఆ ఉప్పదనాన్నే కాపాడుకుంటాయి. ఒక టీస్పూను ఉప్పు అయిదారు గ్రాములు. రోజూ తినేదానికి పైన ఆ ఒక్క చెంచా ఎక్కువైతే, కిడ్నీలు దాన్ని బయటకు పంపేదాకా శరీరం దాదాపు అర లీటరు నీటిని పట్టి ఉంచగలదు. పండగ రోజున ఎన్ని చెంచాలు ఎక్కువవుతాయో మీరే చూసుకోండి: పులిహోరలో, గారెల పిండిలో, కూరలో, ఆవకాయలో. ఎండుచేపల పులుసు ఉన్న ఇళ్ళలో చెప్పనే అక్కరలేదు. మర్నాడు ఉంగరం బిగుస్తుంది, ముఖం ఉబ్బినట్టుంటుంది, మిషన్ మీద అంకె పైకి పోతుంది. మామూలు తిండికి వస్తే రెండుమూడు రోజుల్లో దిగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. మన ఊరగాయల దగ్గర ఆ మాట చెప్పాలంటే నాకే కాస్త జంకు.

ఇందుకు వ్యతిరేకంగా మరో సలహా తిరుగుతూ ఉంటుంది: రోజుకు అయిదు లీటర్లు తాగితే కొవ్వు కొట్టుకుపోతుందని. కొవ్వు నీళ్ళతో కొట్టుకుపోదు. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్ళకు అది ప్రమాదం కూడా.

అపోహ: అన్నం మానేశాను, వారంలో మూడు కిలోల కొవ్వు కరిగింది

నా దగ్గరకు రావడం మానేసేవాళ్ళలో ఎక్కువమంది ఈ సంతోషంతోనే మానేస్తారు, మూడో వారంలో తిరిగి వస్తారు. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. మొత్తం కలిపితే సుమారు అర కిలో. ప్రతి గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. అన్నం, చపాతీ, ఇడ్లీ అన్నీ ఒక్కసారిగా ఆపేస్తే ఆ నిల్వ ఖర్చవుతుంది, దాని నీరూ పోతుంది. ఆ ఒక్క దెబ్బకే కిలోన్నర, రెండు కిలోలు దిగుతుంది. తర్వాత ఎక్కడో పెళ్ళిలో రెండు పూటలు అన్నం తింటారు, నిల్వ మళ్ళీ నిండుతుంది, నీరూ తిరిగి వస్తుంది. "చూశారా, అన్నం ముట్టుకుంటే చాలు రెండు కిలోలు" అంటారు. పోయింది కొవ్వు కాదు, వచ్చిందీ కొవ్వు కాదు. మధ్యలో చెడ్డపేరు వచ్చింది అన్నానికి.

అపోహ: ఎంత చెమట పడితే అంత కరుగుతుంది

అయ్యకోనేరు గట్టు మీద మే నెలలో స్వెట్టరు వేసుకుని నడిచే మనిషిని నేను కళ్ళారా చూశాను. చెమటతో పోయేది నీరు, ఇంటికి వెళ్ళి రెండు చెంబుల మంచినీళ్ళు తాగితే తిరిగి వస్తుంది. తాగకపోతే వడదెబ్బ. కరిగిన కొవ్వులో 84 శాతం దాకా మనం వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువుగా పోతుంది, మిగిలినదే నీరవుతుంది.

కొండవెలగాడ పిల్లలను అడిగితే ఇదంతా నాకన్నా బాగా చెబుతారు. నెల్లిమర్ల దగ్గరి ఆ ఊరు వెయిట్‌లిఫ్టర్లకు పేరు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చారు. ఆ ఆటలో పోటీకి రెండు గంటల ముందు తూకం వేస్తారు. విభాగంలో ఇమడడానికి తూకం ముందు నీళ్ళు తగ్గించడం, తూకం అవగానే తాగడం క్రీడాకారులకు మామూలే. 2024 పారిస్‌లో 50 కిలోల కుస్తీలో వినేశ్ ఫోగట్ మొదటిరోజు తూకం నెగ్గి, మూడు పోటీలు గెలిచి, రాత్రంతా చెమటోడ్చి కూడా మర్నాడు 100 గ్రాములు ఎక్కువ తూగారు. ఫైనల్ చేజారింది. ఆ ఒక్క రాత్రిలో ఆమెకు కొవ్వు పెరిగిందని దేశంలో ఎవరూ అనలేదు. మన ఇంట్లో మిషన్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ సంగతి మరిచిపోతాం.

అపోహ: నడక మొదలుపెట్టాక పెరిగాను, నా ఒంటికి వ్యాయామం పడదు

అలవాటు లేని వ్యాయామం చేస్తే కండరాల్లో చిన్న చిన్న గాయాలవుతాయి. అవి మానేటప్పుడు అక్కడికి నీరు చేరుతుంది. పిక్కలు పట్టేసిన వారంలో కిలో అటూ ఇటూ కావడం మామూలే. రెండు వారాలు ఓపిక పట్టండి.

అపోహ: నెలసరికి ముందు తిండి మీద అదుపు తప్పి బరువు పెరుగుతారు

తిండి సంగతి కొందరిలో నిజమే. అయితే ఏమీ ఎక్కువ తినకపోయినా, ఆ రోజుల ముందు హార్మోన్ల మార్పు వల్ల చాలామందికి ఒంటికి నీరు పడుతుంది. అర కిలో నుంచి రెండు కిలోల దాకా పెరిగి, మొదలైన కొన్ని రోజులకు దిగిపోతుంది. భార్యాభర్తలు కలిసి తగ్గాలని వచ్చినప్పుడు ఈ మాట ఇద్దరి ముందూ చెబుతాను. ఆయన అంకె నెలంతా మెట్లు దిగినట్టు దిగుతుంది, ఆవిడది ఎక్కి దిగుతుంది. ఆయన ఎగతాళి చేయకుండా ఉండాలంటే కారణం ఆయనకూ తెలియాలి. ఆవిడ ఈసారి నెలసరి మొదలైన పదో రోజు బరువును పోయినసారి పదో రోజుతో పోల్చుకోవాలి, నిన్నటితో కాదు.

అపోహ: మిషన్ కొవ్వు శాతం కూడా చెబుతోంది, ఇంక అనుమానమెందుకు

ఆ మిషన్ అరికాళ్ళ నుంచి సన్నటి విద్యుత్తు పంపి, అది ఎంత తేలికగా తిరిగి వచ్చిందో చూసి లెక్క కడుతుంది. ఒంట్లో నీరు మారితే లెక్క మారుతుంది. తడి కాళ్ళతో ఒకటి, పొడి కాళ్ళతో ఒకటి. ఒకప్పుడు రైల్వే స్టేషన్లలో నాణెం వేస్తే బరువుతోపాటు వెనక జాతకం అచ్చేసిన అట్టముక్క వచ్చేది. రోజువారీ కొవ్వు శాతాన్ని నేను ఆ అట్ట వెనక వైపుతో సమానంగా చూస్తాను.

అపోహ: రోజూ చూసుకోకూడదు, పిచ్చెక్కుతుంది

నా తోటివాళ్ళు చాలామంది వారానికి ఒకసారే చూడమంటారు. నాకు ఆ సలహా అంతగా నచ్చదు. ఆ ఒక్క రోజు ఎండుచేపల పులుసు మర్నాడైతే? చీపురుపల్లి నుంచి వచ్చే ఒక టీచరుగారి నోటుపుస్తకంలోని అంకెలు ఆవిడ అనుమతితో ఇస్తున్నాను. మొదటి వారం, సోమవారం నుంచి: 78.4, 78.9, 78.1, 79.3, 78.6, 78.0, 78.2. రెండో వారం: 78.3, 77.8, 78.7, 78.1, 77.6, 77.9, 78.3. ఆవిడ ఆదివారం ఆదివారం మాత్రమే చూసుకుని ఉంటే 78.2 నుంచి 78.3కు పెరిగానని దిగులుపడేవారు. ఏడు రోజులూ కూడి ఏడుతో భాగించండి: మొదటి వారం సగటు 78.5, రెండోది 78.1. నాలుగు వందల గ్రాములు తగ్గారు.

అది తక్కువేమీ కాదు. రోజుకు 500 కేలరీలు తగ్గించి తింటే తగ్గే కొవ్వు రోజుకు సుమారు 65 గ్రాములు. ఒక కోడిగుడ్డు కన్నా కాస్త ఎక్కువ. మన ఇళ్ళలో మిషన్లు చాలావరకు 100 గ్రాముల చొప్పున అంకె మారుస్తాయి. నిన్న మీరు నిజంగా పోగొట్టుకున్న కొవ్వును ఆ మిషన్ చూపించనే లేదు. అది చూపించిన కిలో, ముప్పావు కిలో హెచ్చుతగ్గులు నీటివి, తిండివి.

చూసుకునేవాళ్ళు పొద్దున లేచి దొడ్డికి వెళ్ళి వచ్చాక, ఏమీ తాగకముందు, ఒకేలాంటి బట్టల్లో, మిషన్‌ను గట్టి నేల మీద ఒకే చోట ఉంచి చూసుకోండి. చాప మీద, కార్పెట్ మీద వద్దు. నెలకోసారి టేపుతో నడుము కొలుచుకోండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్తపడాలి. అంకె చూడగానే రోజంతా మనసు పాడయ్యేవాళ్ళు, తిండి మానేసేవాళ్ళు మాత్రం మిషన్‌ను అటక మీద పెట్టి టేపు ఒక్కటే ఉంచుకోండి. అలాంటివాళ్ళకు రోజూ చూడమని నేనూ చెప్పను.

రోజువారీ అంకెను ఉన్నదున్నట్టుగా నమ్మాల్సినవాళ్ళు కొందరున్నారు. గుండె, కిడ్నీ, కాలేయం జబ్బు ఉన్నవాళ్ళకు రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే, కాళ్ళు పొంగితే, ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోతే, పడుకుంటే ఆయాసం వస్తే సగటు లెక్క కోసం ఆగకుండా ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. స్టెరాయిడ్లు, కొన్ని షుగరు మందులు కూడా ఒంటికి నీరు పట్టిస్తాయి. మందు మీ అంతట మీరు మానకండి, డాక్టరుకు చెప్పండి.

కోట దగ్గరి ఆవిడకు ఆ బుధవారం నేను చెప్పింది ఒక్కటే: ఉపవాసాలు చేయవద్దు, రేపటి నుంచి మామూలు తిండి, ఆదివారం ఫోను చేయండి. ఆదివారం 71.4. పండగ ముందుకన్నా 200 గ్రాములు ఎక్కువ. అవి మాత్రం గారెలవే అయి ఉంటాయని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు.