పాత బండికి టైరు వెడల్పు: అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో పాత బుల్లెట్, జావా మోటారు సైకిళ్లు బాగుచేసే పనిలో ఉన్నాను. కొత్త టైర్ల మాట రాగానే చాలామంది "ఇంకాస్త లావువి వేయండి" అంటారు. ఆ లావు చుట్టూ ఉన్న అపోహలు ఇవి.

అపోహ: టైరు ఎంత లావుంటే అంత పట్టు.

వాస్తవం: టైరు వెడల్పును తేల్చేది రిమ్ము. పాత బుల్లెట్ 350 రిమ్ము 19 అంగుళాలది, లోపలి వెడల్పు 1.85 అంగుళాలు, అంటే సుమారు 47 మిల్లీమీటర్లు. కంపెనీ దానికి ఇచ్చిన టైరు 3.25-19, అంటే 3.25 అంగుళాల వెడల్పుతో 19 అంగుళాల రిమ్ముకు సరిపోయేది. ఆ రిమ్ముకు 110 మిల్లీమీటర్ల వెడల్పు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి, నడిమి భాగం కోసుగా లేస్తుంది. చూపుకు లావే, నేలను తాకేది మాత్రం సన్నని పట్టీ. మలుపులో బండి మెల్లగా వంగదు, ఒక్కసారిగా ఒరుగుతుంది. కోతల కాలంలో మన రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, అక్కడ అలా ఒరిగితే నిలబెట్టుకోవడం కష్టం. వెనక కాస్త లావు కావాలంటే 3.50-19 వేయండి. అంతకు మించి నేను వేయను.

అపోహ: చక్రం తగలకుండా తిరిగితే టైరు సరిపోయినట్టే.

వాస్తవం: స్టాండు మీద తిరిగిన చక్రం రోడ్డు మీద రాసుకోవచ్చు. వెనక మనిషి కూర్చుంటే షాక్ అబ్జార్బర్లు దిగి టైరు మడ్‌గార్డుకు దగ్గరవుతుంది. కొత్త చైను వేసినప్పుడు చక్రం ముందుకు జరుగుతుంది, కొలత అప్పుడే చూడాలి. గాలి నింపిన టైరుకూ చైనుకూ మధ్య చూపుడువేలు సులువుగా దూరాలి. టైరు పక్కన నున్నగా మెరిసే గీత చుట్టూ కనిపిస్తే ఎక్కడో రాసుకుంటున్నట్టే.

అపోహ: 3.25 అంగుళాలంటే 83 మిల్లీమీటర్లు, కాబట్టి 80/90 చాలు.

వాస్తవం: పాత అంగుళాల టైరుకు ఎత్తు దాదాపు వెడల్పంత ఉంటుంది. 80/90 అంటే వెడల్పు 80 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, అంటే 72 మిల్లీమీటర్లే. పాత బుల్లెట్ స్పీడోమీటరు ముందు చక్రం నుంచి నడుస్తుంది, చక్రం చిన్నదైతే వేగం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 3.25కు దగ్గరిది 90/90, దాని ఎత్తు 81.

అపోహ: జావాకు 16 అంగుళాల టైరు దొరక్కపోతే 18 అంగుళాల రిమ్ములు వేయించవచ్చు.

వాస్తవం: బండి ఎత్తు, స్టాండు మీద నిలిచే తీరు, గేర్ల లాగుడు అన్నీ మారిపోతాయి. ఆలస్యమైనా 3.25-16 వెతికి తెచ్చుకోండి.

అపోహ: గీతలు అరగకపోతే టైరు కొత్తదే.

వాస్తవం: పక్కన ఉండే నాలుగు అంకెలు చూడండి. 2317 అంటే 2017లో 23వ వారం. ఏళ్లుగా షెడ్డులో నిలిచిన బండి టైరును బొటనవేలితో నొక్కి వంచితే సన్నని పగుళ్లు బయటపడతాయి. అలాంటిదైతే ట్యూబు, రిమ్ము టేపు (స్పోకుల మొనలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ము లోపల వేసే పట్టీ) కూడా టైరుతోపాటే మార్చేయండి.