కొత్త కుందేలు మేత ముట్టనప్పుడు

చిట్టీ, నానీ, మీ ఇద్దరికీ అమ్మమ్మ దీవెనలు.

"క్యారెట్ ముక్కలు కోసి పెట్టినా వాసన కూడా చూడట్లేదు అమ్మమ్మా, మూలకు పోయి కూర్చుంది" అని నిన్న రాత్రి చిట్టి ఫోన్‌లో ఏడుస్తుంటే నాకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి గడ్డి తిందని మీ అమ్మ చెప్పాక మనసు కుదుటపడింది. ఫోన్‌లో హడావిడిగా చెప్పినవి మరిచిపోతారని కూర్చుని రాస్తున్నాను.

పాపం, అది భయపడి తినలేదు. మొండిదని తిట్టకండి. మొన్నటిదాకా తోబుట్టువుల మధ్య ఒదిగి పడుకున్న కూన. ఇప్పుడు కొత్త వాసనలు, టీవీ చప్పుడు, మాటిమాటికీ ఎత్తుకునే చేతులు. కుందేలును వేటాడే జంతువులు బోలెడు కాబట్టి, చుట్టూ ప్రమాదం లేదని నమ్మకం కుదిరేదాకా అది తల దించి మేయదు. మూడు నాలుగు రోజులు ఎత్తుకోకండి. ఒక అట్టపెట్టెకు గుమ్మంలా కోసి, లోపల గడ్డి పరిచి వదిలేయండి. మీరు దగ్గర్లో నేల మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటూ ఉంటే అదే వచ్చి వాసన చూస్తుంది. తెల్లవారుజామున, సందెవేళ బాగా తింటుంది. మధ్యాహ్నం కునుకు తీస్తే టెన్షన్ పడొద్దు.

బొమ్మల్లో కుందేలు చేతిలో ఎప్పుడూ క్యారెట్టే కనిపిస్తుంది కానీ అది తీపి ఎక్కువున్న చిరుతిండి. దానికి గడ్డే అన్నం. తినేదాంట్లో నూటికి 80 పాళ్లు గడ్డే ఉండాలి, రాత్రీ పగలూ ముందర ఉండాలి. కుందేలు పళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. పీచున్న గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి, పేగులు కదలడానికీ ఆ పీచే కావాలి. పెట్‌షాపులో ఎండు తిమోతి గడ్డి దొరుకుతుంది. పురుగుమందు కొట్టని చోట కోసిన గరిక కూడా కడిగి ఆరబెట్టి వేయొచ్చు. వరిగడ్డి కింద పరచడానికి బాగుంటుంది, దాని పొట్టకు మాత్రం చాలదు.

కొన్నచోట ఏం పెట్టేవారో నాన్నను కనుక్కోమనండి. మొదటి వారం ఆ మేతే పెట్టి, కొత్తది రోజుకు కాస్త కలుపుతూ పోవాలి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, కూనలకు అది ప్రాణం మీదకు వస్తుంది. అది కుదురుకున్నాక కొత్తిమీర, పుదీనా లాంటివి ఒక్కో రకం, రెండేసి రెబ్బలు ఇచ్చి చూడండి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, బిస్కెట్లు వద్దే వద్దు. నీళ్లు బరువైన మట్టి మూకుడులో పెట్టండి, సీసా గొట్టంతో తాగడం దానికి ఇంకా రాకపోవచ్చు. 30 డిగ్రీలు దాటిన ఎండ కుందేలుకు పడదు, తిండి తగ్గిపోతుంది. కాబట్టి బాల్కనీలో ఉంచకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీ అమ్మ మూడో తరగతిలో ఉండగా సంతలో ఒక తెల్ల కుందేలును కొన్నాం. తినకపోతే "రేపు తింటుందిలే" అన్నాను. కుక్క ఒక పూట పస్తుంటే ఏమీ కాదు, కుందేలు సంగతి వేరు. మేత ఆగితే పేగులు ఆగిపోతాయి, పొట్ట ఉబ్బి నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి ఇంకా తినదు. మూడో రోజు పొద్దున మీ అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. తప్పు నాదే. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అందుకే రోజూ పెంటికలు చూడండి. గుండ్రంగా, శనగగింజంత, బోలెడన్ని ఉంటే పొట్ట బాగున్నట్టే. అవి చిన్నవైపోతున్నా, తగ్గిపోతున్నా వెంటనే అమ్మకు చెప్పండి. 12 గంటలు ఏమీ తినకపోయినా, ముడుచుకుని కూర్చుని పళ్లు గట్టిగా నూరుతున్నా తెల్లారేదాకా ఆగకుండా పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంట్లో ఉన్న మాత్రలు వేయకండి. మనం వాడే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందు నోట్లో వేస్తే కుందేలు ప్రాణమే పోవచ్చు. ఇంకోటి నానీ, తోక కిందకి మూతి పెట్టి మెత్తటి పెంటికలు తింటుంటే ఛీ అని అదిలించకు. ఒకసారి అరిగిన మేతలోని సత్తువను అది అలాగే మళ్లీ తీసుకుంటుంది.

గడ్డి ఎంత తగ్గిందో, పెంటికలు ఎలా ఉన్నాయో ఒక నోట్‌బుక్‌లో రాసి, ఈ వారమంతా సాయంత్రం ఫోన్‌లో నాకు చదివి వినిపించండి. దానికి ఏం పేరు పెట్టారో మాత్రం ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు.

మీ అమ్మమ్మ