ఎర్రచందనం వేళ్ల దగ్గర ఏం జరుగుతోంది?

కడప చుట్టూ పాలకొండల్లో, లంకమల వాలుల్లో ఎర్రచందనం మొలిచే చోటు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అంతా రాళ్లు, సందుల్లో కాస్త మట్టి. అంత బీద నేలలో అంత చేవగల కలప ఎలా తయారవుతోంది? జవాబులో పెద్ద భాగం మట్టిలోని శిలీంధ్రాల దగ్గరే ఉంది.

చెట్టుకు కావలసిన పోషకాల్లో ఒకటైన భాస్వరం మట్టిలో దాదాపు కదలదు. వేరు తన చుట్టూ ఉన్న కాస్తా లాగేసుకుంటే అక్కడితో సరి. ఆపైన తెచ్చిపెట్టేది శిలీంధ్రపు పోగులే. వెంట్రుక కన్నా చాలా సన్నం కాబట్టి వేరు దూరలేని సందుల్లోకీ వెళ్తాయి. సన్న వేరును క్షారంలో వేడిచేసి, నీలిరంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే ఈ బేరం జరిగే చోటు కనిపిస్తుంది. వేరు కణం లోపలే పోగు కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటుంది. చెట్టు అక్కడ చక్కెర, కొవ్వు ఇచ్చి భాస్వరం తీసుకుంటుంది. 1885లో వేళ్లతో శిలీంధ్రాల పొత్తుకు మైకోరైజా అని పేరు పెట్టింది జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్. నర్సరీ సంచుల్లో ‘వ్యామ్’ పేరుతో కలిపేవి ఈ శిలీంధ్రాలే. మన వేరుశనగ వేళ్లలోనూ ఉంటాయి.

అన్ని శిలీంధ్రాలూ ఇలా చెట్టును సాకవు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు మల్హూర్ అడవిలో ఆర్మిలేరియా అనే శిలీంధ్రం ఒక్కటే దాదాపు 2,385 ఎకరాలు ఆక్రమించింది. వయసు కనీసం 2,400 ఏళ్లని అంచనా. బూటు లేసుల్లాంటి నల్లటి తాళ్లతో మట్టిలో పాకి, బెరడు కింద తెల్లగా పరుచుకుని చెట్లను చంపుతుంది. అదంతా ఒకే జీవి అని ఎలా తేల్చారంటే, వేర్వేరు చోట్ల తెచ్చిన ముక్కలను గాజు పళ్లెంలో పక్కపక్కన పెంచారు. ఒకే జీవివైతే కలిసిపోతాయి, వేర్వేరువైతే మధ్యలో గీత మిగులుతుంది. డీఎన్‌ఏ పరీక్షలూ అదే చెప్పాయి.

ఈ పోగుల ద్వారా చెట్లు మాట్లాడుకుంటాయని ఈమధ్య బాగా ప్రచారం. 1997లో అడవుల శాస్త్రవేత్త సుజాన్ సిమార్డ్ బృందం కెనడా అడవిలో బర్చ్, డగ్లస్ ఫర్ మొక్కల మధ్య కార్బన్ ఒకదాన్నుంచి మరోదానికి వెళ్తోందని చూపింది. అది గట్టి పరిశోధనే. కానీ దాని మీద కట్టిన కథల్లో చాలావాటికి అడవిలో దొరికిన ఆధారం చాలదని 2023లో మరికొందరు శాస్త్రవేత్తలు చూపించారు. నాకైతే ఆ కథలకన్నా మన పుట్టల్లో జరిగేదే గొప్పగా అనిపిస్తుంది. తొలి వానలకు పుట్టల మీద గొడుగులు లేస్తాయే, ఆ శిలీంధ్రాన్ని లోపల పెంచేది చెదలే. నమిలిన ఆకులూ కట్టెలూ దానికి పరుస్తాయి. చెదలు సొంతంగా అరిగించుకోలేని గట్టి కలపను శిలీంధ్రం విడగొడుతుంది. ఎండాకాలంలో బయట ఆకు కుళ్లడం దాదాపు ఆగిపోయినా, తేమ నిలిచే పుట్టలో ఆ పని ఆగదు.