పడవకు చేవ కావాలి: కలప చెట్ల పెంపకంపై అపోహలు – వాస్తవాలు

మాది తాళ్లరేవు దగ్గర పల్లెటూరు. కాకినాడ నుంచి యానాం వైపు వెళ్లినవాళ్లకు కాలవ ఒడ్డున సగం కట్టిన పడవలు కనబడే ఉంటాయి. అలాంటి పడవలకు చెక్క పెంచడం నా పని. నాన్న నాటిన టేకు, నేను నాటిన మద్ది, నల్లతుమ్మ, పొన్న కలిపి మూడెకరాల మెరక, దాని చుట్టూ గట్లు. చెట్లు పెంచుతానంటే జనం అడిగే ప్రశ్నలు ఏళ్ల తరబడి అవే. సగం భయంతో అడిగేవి, సగం ఆశతో అడిగేవి. నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పడవకు తిన్నటి మానులే కావాలి, వంకర చెట్టు పొయ్యిలోకే.

పక్క పలకలకు తిన్నటి మాను కావాలి, నిజమే. కానీ ఆ పలకల్ని లోపలి నుంచి పట్టి ఉంచే పక్కటెముకలు ఉంటాయి చూడండి, వాటికి కావలసింది వంకర చెట్టే. తిన్నటి దుంగలోంచి వంపు ముక్క కోస్తే చెక్కలోని నార మధ్యలో తెగిపోతుంది. ఆ తెగినచోటే అలదెబ్బకు చీలుతుంది. చెట్టు పెరుగుతూ తనంతట తాను వంగినచోట నార కూడా వంపు వెంటే తిరుగుతుంది. దాన్ని విరవడం కష్టం. అందుకే పక్కటెముకలకు నల్లతుమ్మ అంటే మేస్త్రులకు ప్రాణం.

మూడేళ్ల కిందట ఒక మేస్త్రి గారు పలచని రీపర్లతో కొట్టిన అచ్చు భుజాన వేసుకుని మా గట్టు మీదికి వచ్చారు. కట్టబోయే పడవ పొట్ట వంపు ఆ అచ్చులో ఉంది. ఒక్కో తుమ్మ దగ్గర ఆగి, మాను నుంచి పెద్ద కొమ్మ చీలేచోట అచ్చు ఆనించి, తల పక్కకు వంచి చూస్తారు. కుదరకపోతే ఏమీ అనకుండా తరవాతి చెట్టుకు నడుస్తారు. పదకొండో చెట్టు దగ్గర అచ్చు అతికించినట్టు కూర్చుంది. గొడ్డలి వెనక వైపుతో రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి విని, "దీన్ని నాకోసం ఉంచండి బాబూ. ఇంకో మూడేళ్లు ముదరనివ్వండి" అన్నారు.

ఆ రోజు నుంచి తుమ్మల దగ్గర నా కత్తి పద్ధతి మారింది. శిక్షణ తరగతుల్లో పక్క కొమ్మలు కోసి మాను తిన్నగా లేపమని చెబుతారు. టేకుకు అది సరైన మాటే. కొమ్మ వేలి లావున ఉన్నప్పుడే కోస్తే పలకలో ముడి పడదు. తుమ్మకు మాత్రం నడుమెత్తు దాటాక వచ్చే బలమైన కొమ్మ ఒకటి వదిలేస్తాను. గట్టు అంచున నాటితే వెలుతురు కోసం అదే కాలవ వైపు వంగుతుంది. నేను చేసేది అడ్డం రాకపోవడమే.

అపోహ: టేకు పదిహేనేళ్లలో చేతికొస్తుంది, కోట్లు కురుస్తాయి.

ఈ మాట మా ఇంట్లో డబ్బు పోగొట్టింది. 1990ల్లో టేకు తోటల కంపెనీలు ఊరూరా తిరిగాయి. కొద్దిగా కట్టండి, ఇరవై ఏళ్లలో లక్షలు అన్నాయి. నాన్న కట్టారు. ఆ కంపెనీ ఆఫీసు ఒక రోజు తాళం వేసి కనబడింది. ఇలాంటి పథకాలను అదుపు చేయడానికి పెట్టుబడుల మార్కెట్లను నియంత్రించే సంస్థ సెబీ 1999లో నిబంధనలు తెచ్చింది కానీ, మా డబ్బు అప్పటికే పోయింది. నాన్న ఆ తర్వాత మాటలు నమ్మడం మానేసి మెరక మీద తనే మొక్కలు పెట్టారు.

టేకులో ధర పలికేది వయసు కాదు, చేవ. దుంగ కోత ముఖం చూస్తే మధ్యలో బంగారు గోధుమ రంగు చేవ, దాని చుట్టూ లేత పసుపు తెల్లచెక్క ఉంటాయి. నీటికి, చెదకు తట్టుకునేది చేవ ఒక్కటే. తెల్లచెక్క పడవలో పడితే కొన్నేళ్లకే మెత్తబడిపోతుంది. నాన్న 1997లో, ముందు ఏడాది నవంబరు తుపానుకు కొబ్బరి పడిపోయిన చోట నాటిన టేకు ఒకటి 27వ ఏట కోశాం. అడ్డంగా టేపు పెడితే 14 అంగుళాలు, అందులో చేవ 11. అదే తోటలో పలచన చేయడానికి 12వ ఏట తీసిన మాను 7 అంగుళాలు, చేవ నాలుగే. మేస్త్రి బాడిసతో తెల్లచెక్క చెక్కేసి మిగిలిందే లెక్క వేస్తాడు. ఇప్పుడు పదిహేనేళ్ల దుంగకు ఎంత వస్తుందో మీరే చూసుకోవచ్చు. ఓడల కలప కోసమని 1840ల్లో మలబారు బ్రిటిష్ కలెక్టర్ కానొలీ, ఆయన కింది అటవీ అధికారి చాతు మీనన్ కలిసి కేరళలోని నీలంబూరులో టేకు తోట వేయించారు. అక్కడ టేకు కోతకు 50, 60 ఏళ్లు ఆగుతారు.

దీనికి అనుబంధంగా ఇంకో నమ్మకం ఉంది: నీళ్లు పెట్టి తొందరగా పెంచిన టేకు గుల్లగా ఉంటుందని. అలా ఏమీ లేదు. టేకు త్వరగా లావెక్కితే చెక్క బలం తగ్గాలని రూలు లేదు. కొరత వచ్చేది లేత వయసులో కోయడం వల్ల. ఒక్క జాగ్రత్త, టేకు వేరుకు నిలవ నీరు పడదు. మా డెల్టాలో పల్లపు చేలో టేకు పెట్టినవాళ్లు రెండు వానాకాలాల్లోనే మొక్కలు పోగొట్టుకున్నారు. పల్లానికి, కాలవ ఒడ్డుకు తెల్లమద్ది పెట్టుకోండి, ఆ చెట్టు ఇల్లే అది.

అపోహ: టేకు తప్ప ఏ చెక్కా నీటికి ఆగదు.

మన పెద్దలు ఒకే చెట్టు మీద ఎప్పుడూ ఆధారపడలేదు. కొల్లేరులో తాటి దోనె చూడండి. తాటిచెట్టు మొదలు ఉబ్బుగా ఉండేచోట కోసి, తొలిచి, అదే పడవ చేసుకున్నారు. సముద్రంలోకి వెళ్లే తెప్పకు బరువు చెక్క పనికిరాదు, తేలిక మాను కావాలి. ఉప్పు గాలికి తట్టుకుని ఒడ్డున పెరిగే పొన్న తెరచాప కొయ్యలకు పేరుపడింది. వంపులకు తుమ్మ, బరువు మోసే దూలాలకు మద్ది. టేకును పలకలకు దాచుకుంటే చాలు. అంతా టేకే కావాలని పట్టుబట్టేది డబ్బున్న కొనుగోలుదారు మాత్రమే, మేస్త్రి ఎప్పుడూ అలా అడగడు.

టేకుకు పురుగు పట్టదన్నది కూడా పూర్తి నిజం కాదు. ఉప్పునీటిలో చెక్కను తొలిచేది అసలు పురుగే కాదు, ఆల్చిప్పల జాతి ప్రాణి. టేకు చేవ దానికి ఎక్కువ కాలం ఆగుతుంది, అంతే. సందుల్లో నూలు దట్టించడం, గుగ్గిలం నూనెలో కాచి పూయడం, ఏటా పడవను ఒడ్డుకు లాగి అడుగు గీకడం మానేస్తే ఏ చెక్కయినా పోతుంది.

అపోహ: అమావాస్య రోజుల్లో నరికితే పుచ్చదు.

నేను రెండు పక్షాల్లోనూ నరికించాను, తేడా కనబడలేదు. పుచ్చు పురుగు తినేది తెల్లచెక్కలో ఉండే పిండి పదార్థాన్ని. తెల్లచెక్క తీసేసి, పలకల మధ్య రీపర్లు పెట్టి నీడలో గాలికి ఆరబెట్టండి. వెదురైతే నీళ్లలో నానబెట్టండి. తిథి మేస్త్రికి తృప్తి అనుకుంటే పాటించండి, నష్టమేమీ లేదు.

అపోహ: నా పొలం, నా చెట్టు, ఎవరినీ అడగక్కర్లేదు.

అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు ఉన్నాయి. టేకు నరకడానికి ఒక అనుమతి, దుంగ రోడ్డెక్కడానికి ఇంకొకటి. పొలం పట్టా అని రెవెన్యూ వాళ్లు తేల్చాలి, చెట్లు అటవీ సిబ్బంది చూడాలి, దుంగలకు ముద్ర పడాలి. జామాయిల్, సుబాబుల్, సరుగుడుకు మాత్రం సడలింపు ఉంది. నా బాధ ఇక్కడే. జామాయిల్ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది, సుబాబుల్ మెక్సికో నుంచి. నాలుగేళ్లలో కోసి కాగితం మిల్లుకు తోలేసే వాటికి దారి సాఫీగా ఉంది. ముప్పై ఏళ్లు కాచుకున్న మన టేకుకు మాత్రం ఫైలు కావాలి. రైతు ఏది నాటుతాడో వేరే చెప్పనక్కర్లేదు.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. పడవలు ఒడ్డెక్కి మరమ్మతులు జరిగేది అప్పుడే, చెక్కకు గిరాకీ అప్పుడే. ఒక ఏడాది నేను ఫిబ్రవరిలో దరఖాస్తు పెడితే కాగితం జూలైలో చేతికొచ్చింది. ఆ పడవలు అప్పటికే ఎక్కడిదో చెక్క వేసుకుని వేటకు పోయాయి. నా దుంగలు ఫర్నిచర్ వాళ్లకు తక్కువకు ఇచ్చేశాను. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేదు.

అపోహ: అయితే పర్మిట్లు మొత్తం ఎత్తేస్తే సరి.

ఈ మాట నాతోటి రైతుల నుంచే ఎక్కువ వింటాను, నేను ఒప్పుకోను. పర్మిట్ లేని రోజున ఏజెన్సీ అడవిలో దొంగతనంగా నరికిన టేకు పట్టా టేకు పేరుతో లారీ ఎక్కుతుంది. అది చవగ్గా వస్తుంది కాబట్టి ముందు మునిగేది నాలాంటి వాడే. కోసేటప్పుడు కాదు, నాటినప్పుడే పేరు రాసుకోవాలి. ఎన్ని మొక్కలు, ఏ సర్వే నంబరు, ఏ సంవత్సరం అన్నది ఒకసారి నమోదైతే ముప్పై ఏళ్ల తర్వాత ఎవరూ అనుమానంగా చూడక్కర్లేదు. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ వ్యవసాయ భూముల్లో చెట్ల నరికివేతకు నమూనా నిబంధనలు రాష్ట్రాలకు పంపింది. తోటను పోర్టల్‌లో నమోదు చేసుకోవడం అందులో ముఖ్యం. మంచి అడుగు. కానీ పడవకు కావలసిన తుమ్మ, మద్ది తోటల్లో ఉండవు, గట్టు మీద విడివిడిగా ఉంటాయి. ఆ విడి చెట్లను కూడా అంతే సులువుగా రాసుకోనివ్వాలి.

అపోహ: చెట్లు దట్టంగా పెంచితే పొలాన్ని అడవి కింద రాసేస్తారు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, భూమి ఎవరిదైనా సరే, నిఘంటువు అర్థంలో అడవి అయితే 1980 అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఎన్నో అడవులు మిగిలాయంటే ఆ మాట వల్లే. 2023లో చట్టాన్ని సవరించి ఆ పరిధి తగ్గించారు. సొంత భూముల్లో చెట్లు పెంచడానికి జనం జంకుతున్నారన్నది ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఒకటి. రికార్డుల్లోకి ఎక్కని అడవులకు రక్షణ పోతుందని పర్యావరణవాదులు కోర్టుకు వెళ్లారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో పాత అర్థమే పాటించమని రాష్ట్రాలకు చెప్పింది. రైతుల పేరు చెప్పి సహజమైన అడవికి రక్షణ తగ్గించడం నాకు నచ్చలేదు. నా భయం తీరడానికి అంత దూరం పోనక్కర్లేదు. వరసలు తీసి నాటిన తోటను అడంగల్‌లో, అంటే ఏ పొలంలో ఏముందో రాసే రెవెన్యూ రికార్డులో, తోటగా రాయించుకోండి, ఏటా నకలు తీసి దాచుకోండి, నాటిన ఏడాది ఫొటోలు ఉంచుకోండి. నాన్న 1997 మొక్కల రసీదు ట్రంకుపెట్టెలో దాచారు. ఆ పసుపు కాగితం నన్ను రెండుసార్లు కాపాడింది.

అపోహ: ఫైబర్ వచ్చింది, ఇక చెక్క పడవ పని అయిపోయింది.

2004 సునామీ తర్వాత ఒడ్డంతా ఫైబర్ పడవలు వచ్చిన మాట నిజం. తేలిక, కుళ్లదు, ఇసుక మీదికి లాగడం సులువు. చిన్న పడవకు అదే నయం. అయినా పెద్ద ఇంజను బోట్లు మా దగ్గర ఇంకా చెక్కతో కడుతున్నారు. ఒక పలక పోతే ఆ పలకే మార్చుకోవచ్చు, పాత పడవ చేవ విప్పి కొత్తదానిలో వాడుకోవచ్చు.

మేస్త్రి గారు చెప్పిన మూడేళ్లు ఈ వేసవితో నిండుతాయి. ఆ పడవ పలకలకు నాలుగు టేకు మానులు అడిగారు. ఈసారి డిసెంబరులోనే దరఖాస్తు పెట్టేశాను. పదకొండో తుమ్మ కింద దాని గింజ మొలిచిన మొక్క ఒకటి నడుమెత్తు దాటింది. కాలవ వైపు ఒక కొమ్మ వేసింది, అది నేను కోయలేదు.