పిండం ఆగిపోతే అండానికి బలం లేనట్టేనా? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఓ సంతాన సాఫల్య కేంద్రం ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్టుగా పని చేస్తున్నాను. అండం బయటికి తీసినప్పటి నుంచి పిండాన్ని గర్భాశయంలో పెట్టేదాకా చూసుకునేది మేమే. మూడో రోజు ఎనిమిది కణాలతో చక్కగా కనిపించిన పిండం ఐదో రోజుకు ఎదగకుండా ఆగిపోతే ఆ కబురు చెప్పే పని కూడా చాలాసార్లు నా మీదే పడుతుంది. ఈ మధ్య అది వినగానే వచ్చే మాట దాదాపు ఒకటే: "అండంలో మైటోకాండ్రియాకు బలం లేదట కదా మేడమ్, ఏడాది మందు వాడి, బలం పుంజుకున్నాక వస్తాం." మైటోకాండ్రియా అంటే కణానికి కావలసిన శక్తిని తయారు చేసే సూక్ష్మ భాగాలు. ఈ మాట ఎవరు చెప్పారని అడిగితే ఒకరు యూట్యూబ్ అంటారు, ఒకరు వాట్సాప్ అంటారు, ఇంకొకరు మందుల షాపు అంటారు. మిగతా అపోహల సంగతి ఎలా ఉన్నా, ఇది మాత్రం మా వైపు ఆడవాళ్లకు మళ్లీ రాని కాలాన్ని మింగేస్తోంది.

అపోహ: ముందు మైటోకాండ్రియాకు బలం మందు, ఆ తర్వాతే చికిత్స.

వాస్తవం: ఈ మాట నమ్మించేలా ఉండటానికి కారణం, అందులో సగం నిజం ఉండటమే. పక్వమైన అండంలో లక్షకు పైగా మైటోకాండ్రియా ఉంటాయి. శరీరంలోని మరే కణంలోనూ అన్ని ఉండవు. ఫలదీకరణ జరిగాక కణం రెండవుతుంది, నాలుగవుతుంది, ఎనిమిదవుతుంది. మైటోకాండ్రియా మాత్రం పెరగవు. వాటి డీఎన్‌ఏ మళ్లీ నకళ్లు తీసుకోవడం ఐదో రోజు ప్రాంతంలో పిండం చేరే బ్లాస్టోసిస్ట్ దశకు గానీ మొదలు కాదు. దూర ప్రయాణానికి ఇంటి నుంచి కట్టుకెళ్లిన సద్దిమూట లాంటిది ఇది. దారిలో కొత్తగా వండేదేమీ ఉండదు, ఉన్నదే పంచుకోవాలి.

మొదటి రోజుల్లో పిండం ఆ మూటను చాలా పొదుపుగా వాడుకుంటుంది. అప్పటి మైటోకాండ్రియా చిన్నగా, గుండ్రంగా ఉండి నెమ్మదిగా పని చేస్తాయి. పిండం గ్లూకోజు జోలికి పెద్దగా పోదు, ప్రధానంగా పైరువేట్ అనే చిన్న ఇంధన పదార్థం మీదే నెట్టుకొస్తుంది. అసలు ఖర్చు నాలుగో రోజు దాటాక మొదలవుతుంది. బయటి వరస కణాలు సోడియాన్ని లోపలికి తోడతాయి, దాని వెంటే నీరు వచ్చి చేరుతుంది, మధ్యలో కుహరం ఏర్పడుతుంది. ఆ తోడే పనికి శక్తి బాగా కావాలి. ఐదో రోజు ఉదయం మైక్రోస్కోపు కింద పెడితే, నిన్నటిదాకా గట్టి ముద్దలా ఉన్న పిండం ఉబ్బి, పై పొరను పలచగా సాగదీసి కనిపిస్తుంది. ఒక్కోసారి ముడుచుకుపోయి, కొన్ని గంటల్లో తిరిగి నిండుతుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నా ఆ నిండటం చూడగానే నాకు ఊపిరి తిరిగి వచ్చినట్టు ఉంటుంది.

ఇది విన్నవాళ్లు "అయితే మూట ఇంకాస్త పెద్దది కడదాం" అనుకోవడం సహజమే. అండం చివరి విడతగా పెరగడానికి మూడు నెలల దాకా పడుతుంది కాబట్టి, ఆ సమయంలో మైటోకాండ్రియా శక్తి తయారీకి తోడ్పడే కోఎంజైమ్ క్యూ10 లాంటివి ఇస్తే మేలేమోనన్న ఆలోచనలోనూ అర్థం ఉంది. ముసలి ఎలుకల్లో అండాల నాణ్యత దీనితో మెరుగుపడిందని 2015లో ఒక అధ్యయనం చూపింది. స్త్రీలలో జరిగినవి చిన్న పరీక్షలే. అండాలు, పిండాలు కొంత మెరుగ్గా వచ్చాయని వాటిలో కొన్ని చెప్పాయి గానీ, పుట్టిన బిడ్డల సంఖ్య పెరిగిందని గట్టిగా రుజువు కాలేదు. మీ డాక్టరు చికిత్సతో పాటు ఇస్తే వాడండి, అందులో నాకు పేచీ లేదు. ఆ మందు పేరు చెప్పి చికిత్స వాయిదా వేయడంతోనే నా పేచీ.

ఎందుకంటే ముప్పై అయిదు దాటాక పిండాలు ఆగిపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం క్రోమోజోముల లెక్క తప్పడం. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలు తయారై, విభజన మధ్యలో నిలిచిపోయి ఉంటాయి. అన్నేళ్లపాటు క్రోమోజోములను జతగా పట్టి ఉంచే ప్రోటీన్లు వయసుతో సడలిపోతాయి. క్రోమోజోములను విడదీసే కండెకు, అంటే స్పిండిల్ అనే సన్నని దారాల అమరికకు, మైటోకాండ్రియా శక్తి కావాలన్నది నిజమే. కానీ సడలిన పట్టును బిగించే గొట్టం మాత్ర, డబ్బా పొడి ఇంతవరకు లేవు. మీరు ఆ పొడి తాగుతున్న ఏడాదిలో వయసు ఒక ఏడాది పెరుగుతుంది. అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ హార్మోను అప్పటికే తక్కువగా ఉన్నవాళ్లకు ఆ ఏడాది చాలా ఖరీదైనది.

పలాస దగ్గరి నుంచి ఒక జంట వచ్చేవారు, ఇద్దరూ జీడిపప్పు కర్మాగారంలో పని చేసేవాళ్లు. మొదటిసారి పిండాలు నాలుగో రోజున ఆగాయి. ఆలస్యం చేయకుండా ఇంకోసారి ప్రయత్నిద్దామని డాక్టరు గారు చెప్పి పంపారు. చాలా కాలం రాలేదు. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిసంచిలోంచి ఖాళీ డబ్బాలు, వాటితో పాటు ఇంట్లో గోడకు వేసుకునే తెలుగు క్యాలెండరు తీసి బల్ల మీద పెట్టింది. తిథి, నక్షత్రం పక్కనే, పొడి తాగిన ప్రతి తేదీ మీదా నీలం పెన్నుతో టిక్కు పెట్టుకుంది. ఒక్క రోజు తప్పలేదు. "నేనేమీ అశ్రద్ధ చేయలేదు మేడమ్" అంది. ఆ రోజు స్కానింగులో ఫాలికల్స్, అంటే అండాలు పెరిగే చిన్న సంచులు, చాలా తక్కువ కనిపించాయి. ఆమె శ్రద్ధకు వంక పెట్టలేం. దాన్ని డబ్బాలకెక్కించి అమ్ముకున్నవాళ్ల మీదే నా కోపం.

"చట్టం యాభై ఏళ్ల దాకా ఒప్పుకుంటుంది కదా, తొందరేముంది" అనేవాళ్లూ ఉన్నారు. సంతాన సాఫల్య చికిత్సల మీద వచ్చిన 2021 నాటి ఏఆర్‌టీ చట్టంలోని వయోపరిమితి చికిత్స పొందడానికి అర్హత గురించి. సొంత అండం అప్పటిదాకా ఆగుతుందని ఏ చట్టమూ హామీ ఇవ్వలేదు.

మైటోకాండ్రియాకు నిజంగా మేలు చేసే పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు: పొగాకు మానడం. మన తీర గ్రామాల్లో అడ్డపొగ తాగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. నిప్పు నోట్లో పెట్టుకునే ఆ అలవాటు ఇప్పటి అమ్మాయిల్లో తక్కువే గానీ, ఇంట్లో మగవాళ్ల చుట్ట, బీడీ పొగ పీలుస్తున్నది వాళ్లే. పొగాకు అండాశయాన్ని దెబ్బతీస్తుంది, పొగతాగే స్త్రీలలో నెలసరి కూడా ముందే ఆగిపోతుంది. పొడి కొనే ముందు ఆ చుట్ట ఆర్పించండి.

అపోహ: మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయి కాబట్టి పిండం ఆగితే లోపం తల్లిదే.

వాస్తవం: ఈ మాట అత్తగారి నోటి నుంచి నా ఎదుటే వచ్చిన సందర్భాలున్నాయి, అప్పుడు ఊరుకోవడం నా వల్ల కాదు. తండ్రి మైటోకాండ్రియా శుక్రకణంతో పాటు అండంలోకి వస్తాయి గానీ అక్కడ నాశనమవుతాయి, అంతవరకు నిజం. అయితే మైటోకాండ్రియా సొంత డీఎన్‌ఏలో ఉన్న జన్యువులు 37 మాత్రమే, వాటి నుంచి తయారయ్యే ప్రోటీన్లు 13. అవి పని చేయడానికి కావలసిన మిగతా వెయ్యికి పైగా ప్రోటీన్ల జన్యువులు కేంద్రకంలో ఉంటాయి. అక్కడ తండ్రి వాటా సగం. పిండం సొంత జన్యువులు గట్టిగా పని మొదలుపెట్టేది నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో, అంటే మూడో రోజుకు కాస్త అటూ ఇటూగా. ఆ తర్వాత ఆగిన పిండం విషయంలో శుక్రకణం డీఎన్‌ఏ ఎలా ఉందో కూడా చూడాలి. ఒక్క వీర్య పరీక్షకు కూడా ముందుకు రాని మగవాళ్లకు భార్యను తప్పుపట్టే అర్హత లేదు.

అపోహ: గ్లూకోజు సెలైన్ ఎక్కిస్తే పిండానికి బలం.

వాస్తవం: కాదు. తొలి రోజుల్లో పిండం గ్లూకోజును ఎంత తక్కువ వాడుకుంటుందో పైన చెప్పాను. నీరసంగా ఉంటే అన్నం తినండి.

అపోహ: ల్యాబ్‌లో పిండానికి గాలి చాలదు, కరెంటు పోతే అంతే.

వాస్తవం: బయటి గాలిలో ఆక్సిజన్ 21 శాతం, మా ఇంక్యుబేటర్‌లో కావాలనే 5 శాతం ఉంచుతాం. గర్భాశయంలో, అండనాళాల్లో ఉండేది కూడా తక్కువే. ఎక్కువైతే మైటోకాండ్రియా నుంచి హానికర రసాయనాలు పుడతాయి. 2018 తిత్లీ తుపానుకు రోజుల తరబడి చీకట్లో గడిపిన శ్రీకాకుళం వాళ్లు కరెంటు గురించి భయపడటంలో తప్పులేదు. ఇంక్యుబేటర్లకు యూపీఎస్, జనరేటర్ ఉంటాయి. గడ్డకట్టించిన పిండాలు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంటాయి, ఆ ట్యాంకుకు అసలు కరెంటే అక్కర్లేదు. నత్రజని తగ్గకుండా చూసుకుంటే చాలు.

అపోహ: విదేశాల్లో లాగా అండంలోకి కొత్త మైటోకాండ్రియా ఎక్కించుకోవచ్చు.

వాస్తవం: బ్రిటన్ 2015లో చట్టం చేసి అనుమతించినది మరో స్త్రీ అండంలోని మైటోకాండ్రియాను వాడే పద్ధతి, అదీ తల్లి నుంచి బిడ్డకు తీవ్రమైన మైటోకాండ్రియా జబ్బు రాకుండా ఆపడానికి. న్యూకాసిల్ బృందం ఈ పద్ధతిలో ఎనిమిది మంది బిడ్డలు పుట్టారని 2025లో ప్రకటించింది. వయసు మీరిన అండాన్ని బాగుచేసే వైద్యం కాదది. స్త్రీ సొంత మైటోకాండ్రియానే తీసి అండంలోకి ఎక్కించే ప్రయత్నం స్పెయిన్‌లో జరిగింది, పిండాల నాణ్యత పెరగలేదు. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

పిండాలు ఆగాయని చెప్పిన రోజు ఏ మందు వాడాలని కాకుండా ఇవి అడగండి: ఎన్ని అండాలు పక్వమైనవి, ఎన్ని ఫలదీకరణ చెందాయి, ఏ రోజున ఆగాయి, భర్త పరీక్షలు ఏం చెబుతున్నాయి, నా వయసుకు మళ్లీ ప్రయత్నం ఎన్ని నెలల్లోపు జరగాలి. ల్యాబ్ రిపోర్టు కాగితం మీద రాయించి తీసుకోండి. రేపు మీరు విశాఖ వెళ్లినా, హైదరాబాద్ వెళ్లినా, అక్కడి ఎంబ్రియాలజిస్టు మొదట చూడాలనుకునేది దాన్నే.