‘రచ్చకెక్కడం’ అనే మాట: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో వార్తలు దిద్దే పనిలో ఉన్నాను. పరువు పోవడాన్ని చెప్పే తెలుగు మాటల్లో నా కలం కింద ఎక్కువసార్లు పడేది ‘రచ్చకెక్కడం’. కొత్తగా చేరిన విలేకరులు దీన్ని ధారాళంగా వాడతారు గానీ, దాని బరువు తెలిసి వాడేవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: రచ్చ అంటే గొడవ.

వాస్తవం: రచ్చ మొదట ఒక చోటు పేరు. రథాలు, బండ్లు తిరిగే వీధిని సంస్కృతంలో ‘రథ్య’ అంటారు. ‘మిథ్య’ ప్రాకృతంలో ‘మిచ్ఛా’ అయినట్లే ‘రథ్య’ ‘రచ్ఛా’ అయింది, మనకు ‘రచ్చ’గా అందింది. తెలుగులో అది ఊరి జనం కూడే చోటుగా స్థిరపడింది. గుంటూరు వైపు పల్లెల్లో రావిచెట్టు మొదట్లో కట్టిన అరుగు మీద పొద్దున్నే పేపరు చదవడం, సాయంత్రం పంటల ధరల గురించి మాట్లాడుకోవడం, అన్నదమ్ముల గట్టు తగాదాకు పెద్దలు తీర్పు చెప్పడం అన్నీ జరిగేవి. అదే రచ్చబండ. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లాకు బయలుదేరింది ఆ పేరు పెట్టిన కార్యక్రమానికే. అక్కడ ఆ మాటకు జనం మధ్య కూర్చోవడం అనే మంచి అర్థమే ఉంది. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్న సామెతలోనూ రచ్చ అంటే నలుగురూ ఉన్న బయట అనే గానీ జగడం అని కాదు.

అపోహ: రచ్చకెక్కినవారే తప్పు చేసినవారు.

వాస్తవం: ఈ మాట చెప్పేది ఒక్కటే, ఇంట్లో ఉండాల్సిన విషయం నలుగురి నోళ్లలో పడిందని. తప్పెవరిదో అది చెప్పదు. అయినా చదివేవారి మనసులో మచ్చ మాత్రం ఆ మాట పక్కనున్న పేరుకే అంటుకుంటుంది. చాలా ఏళ్ల కిందట, కట్నం వేధింపులు భరించలేక అత్తవారింటి ముందు బైఠాయించిన ఒక అమ్మాయి వార్తకు ‘రచ్చకెక్కిన కోడలు’ అనే శీర్షికను నేనే చూసి పంపాను. మర్నాడు ఆమె తండ్రి నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్కతో వచ్చి, “దెబ్బలు తిన్నది మా పిల్లండీ. రచ్చ కూడా దానికే అంటగట్టారా?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఈ మాట కనిపించగానే కర్త ఎవరో చూస్తాను. రచ్చకెక్కాల్సింది విషయం, మనిషి కాదు. ‘రచ్చకెక్కిన కట్నం వేధింపులు’ అంటే సరిపోయేది. ఎవరైనా పనిగట్టుకుని మరొకరి సంగతి బయటపెడితే అది ఎక్కడం కాదు, ‘రచ్చకీడ్చడం’. అప్పుడు ఈడ్చినవారెవరో వాక్యంలో ఉండి తీరాలి.

అపోహ: రచ్చ, రట్టు ఒకటే.

వాస్తవం: రట్టు అంటే దాగినది బయటపడడం. అందులో ఎప్పుడూ అవమానమే ఉండదు. ‘సంసారం గుట్టు, రోగం రట్టు’ అని పెద్దలు అన్నది, జబ్బును దాచుకోకుండా పదిమందికీ చెప్పి మందు తెలుసుకోమనే.

అపోహ: ‘అబాసుపాలు’ అని రాసినా తప్పు లేదు.

వాస్తవం: మూలం ‘ఆభాస’, కాబట్టి భకారం ఉండాలి. లేనిది ఉన్నట్టు కనబడడం దాని అసలు అర్థం. తర్కంలో హేత్వాభాస (హేతువులా కనబడినా హేతువు కానిది), అలంకారశాస్త్రంలో రసాభాస (రసంలా కనబడినా రసం కానిది) దాని నుంచి వచ్చినవే. తెలుగులో అభాసు అంటే నవ్వులపాలు కావడం. కుర్చీలు విరిగిన సభను ‘రసాభాస’ అనడం వాడుకలో స్థిరపడింది, దాన్ని నేను దిద్దను.

అపోహ: నిజమే రాశాం కాబట్టి పరువునష్టం కేసు నిలబడదు.

వాస్తవం: 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత అనే నేరాల చట్టంలో పరువునష్టం 356వ సెక్షన్ కిందికి వస్తుంది. అందులోని మినహాయింపు ప్రకారం రాసింది నిజమైతే చాలదు, దాన్ని ప్రచురించడం ప్రజాహితం కోసమై కూడా ఉండాలి. ఇక అత్యాచార బాధితుల గుర్తింపు వెల్లడించడాన్ని 72వ సెక్షన్ నేరంగా చెబుతోంది. అలాంటి వార్త నా చేతికొస్తే, పేరు లేకపోయినా ఊరు, వీధి, తండ్రి చేసే పని చూసి మరీ కొట్టేస్తాను. పల్లెలో ఆ మూడూ కలిస్తే ఇంకెవరూ పేరు అడగరు.