బీపీ నార్మల్‌కు వచ్చాక కూడా బిళ్ల ఎందుకు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు అసలు కారణమేమిటో ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ జబ్బు బయటపడ్డ మనిషి డయాలసిస్ దాకా ఎంత త్వరగా చేరుకుంటాడన్నది కొంతవరకు రోజూ వేసుకునే బీపీ బిళ్ల మీద ఆధారపడి ఉంటుంది.

ఒక్కో మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే సూక్ష్మమైన భాగాలు, అంటే నెఫ్రాన్లు, దాదాపు 10 లక్షలు ఉంటాయి. పోయినవి తిరిగి పుట్టవు. మిగిలినవి వాటి పనిని కూడా నెత్తిన వేసుకుంటాయి కనుక, వడపోత సగానికి పడిపోయినా చాలామందికి ఒంట్లో తేడా తెలియదు. ఆ అదనపు భారంతో లోపల ఒత్తిడి పెరిగి, అవి కూడా క్రమంగా దెబ్బతింటాయి. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటి బీపీ మందులు నెఫ్రాన్‌లో రక్తాన్ని వడకట్టే సన్నని నాళాల కుచ్చు నుంచి రక్తం బయటికి వెళ్లే సన్నని నాళాన్ని వదులు చేసి ఆ ఒత్తిడిని తగ్గిస్తాయి. కాబట్టి బీపీ 130/80 లోపలికి వచ్చిందంటే మందు పనిచేస్తోందని అర్థం. ఇక అక్కర్లేదని కాదు. ఆమ్లోడిపిన్ లాంటి బిళ్ల పూర్తి స్థాయికి చేరడానికి వారం పైనే పడుతుంది కనుక, రెండు రోజులు వాడి గుణం లేదని మానేయడమూ తొందరపాటే. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు; తర్వాతి మోతాదు వేళ దగ్గరపడితే మరిచిపోయినదాన్ని వదిలేయాలే తప్ప రెండూ కలిపి వేసుకోకూడదు.

అంతకన్నా ప్రమాదం చీటీలో లేని మందుతో వస్తుంది. కవిటి, కంచిలి వైపు కొబ్బరి, జీడి తోటల్లో రోజంతా ఒంగి పనిచేసినవారికి ఒళ్లు నొప్పులు సహజం. కత్తెరతో తుంచి ఇచ్చిన నాలుగు నొప్పి బిళ్లల రేకు మీద పేరూ గడువు తేదీ సగం తెగిపోయి ఉంటాయి. అది డైక్లోఫెనాక్ అయితే, మూత్రపిండంలోకి రక్తం వచ్చే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని అడ్డుకుంటుంది. బీపీ బిళ్ల బయటి దారిని వదులు చేసి ఉండగా నొప్పి బిళ్ల లోపలి దారిని బిగిస్తే, దానికి ఎండలో చెమటతో పోయిన నీరో, మూత్రం ఎక్కువ పోయే మాత్రో తోడైతే, వడపోతకు కావలసిన ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవచ్చు. ఈ నేరం తరచూ బీపీ మందు మీద పడుతుంది; నాకది అన్యాయమనిపిస్తుంది.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కొన్ని బిళ్లలను తాత్కాలికంగా ఆపమని వైద్యులే చెబుతారు. ఏది ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో వారినే అడగాలి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి వెళ్లినా, ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్లినా, షాపులో కొన్న నొప్పి బిళ్లల రేకులను కూడా చీటీతో పాటు సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది.